పన్నెండింటిలో ఒకటి

బోధన్‌లో శక్కర్‌నగర్ దాటి, ఒకప్పుడు ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు నడిచిన బాట పట్టుకుని పోతే కాలువ పక్కన ఒక చిన్న పేట వస్తుంది. ఆ పేటలో ఏ తలుపు తీసినా, ఏ మంచం ఎక్కినా అది పాల్ రాజ్ చేసిందే. ఏభై నాలుగేళ్ల మనిషి. మాట తక్కువ. కర్ర సంగతి వస్తే మాత్రం ఇంకొకరిని మాట్లాడనివ్వడు. వేలి కణుపుతో కొట్టి, గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని ఇది టేకు, ఇది టేకు రంగు పూసిన తుమ్మ, ఇది అమ్మేవాడికి కూడా తెలియని చెత్త అని తేల్చేస్తాడు. పెళ్లి సంబంధాలు ఇంత పరీక్షగా చూసి ఉంటే మన కాపురాలు ఇట్లా ఏడ్చేవి కావని పేట ఆడవాళ్లు నవ్వుకుంటారు.

అలాంటి మనిషి ఆదివారం పూట చర్చిలో మెడకు తగిలించుకునేది ప్లైవుడ్ గిటారు.

బేస్ గిటారు అది. నాలుగే తీగలు, ఒక్కొక్కటి సైకిల్ బ్రేకు వైరంత లావు. పాడేవాళ్లకు చప్పట్లు వస్తాయి, కీబోర్డు వాడికి పేరు వస్తుంది. బేస్ వాయించేవాణ్ణి ఎవరూ చూడరు. అయితే అది ఆగిన నిమిషం పాటకు కాళ్ల కింద నేల పోతుంది. పాల్ రాజ్‌కు ఆ చాటు పనే ఇష్టం. ఇరవై ఏళ్ల కింద నిజామాబాద్‌లో ఒక పెళ్లిళ్ల బ్యాండు మూతపడితే వాళ్ల దగ్గర ఆ గిటారు తెచ్చుకున్నాడు. తెచ్చిన రోజే వెనక మూత విప్పి చూస్తే లోపల పొర మీద పొర అతికించిన ప్లై. అన్నం కంచంలో వెంట్రుక కనబడ్డట్టయింది. అయినా గతిలేక ఇరవై ఏళ్లు దాన్నే వాయించాడు.

మూడేళ్ల కింద డిచ్‌పల్లి దగ్గర కన్వెన్షన్ సభలు జరిగాయి. పేట వాళ్లంతా టాటా ఏస్ మాట్లాడుకుని పోయారు. సాయంత్రం సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఒక గుంపు పాట ఎత్తుకుంది. వాళ్ల బేస్ మొదలవగానే పాల్ రాజ్‌కు ముందు కడుపులో తగిలింది, తర్వాత చెవికి వినపడింది. తీగ వదిలేశాక కూడా ఆ స్వరం నిలబడి, మెల్లగా, ఎవరూ తరమకుండా తనంతట తాను వెళ్లిపోతోంది. పాట అయ్యేదాకా ఆగలేక స్టేజీ వెనక్కి నడిచాడు.

వాయించిన కుర్రాడు మంచివాడే. అడగ్గానే గిటారు చేతికిచ్చాడు.

"పుణెలో ఒక చిన్న వర్క్‌షాపు వాళ్లు చేసిన్రు అంకుల్. లిమిటెడ్ ఎడిషన్. పన్నెండే పన్నెండు. ఇది ఏడోది. బాడీ అంతా పాత టేకు. ఆ కర్ర అయిపోయింది, ఇంక చెయ్యరు."

పాల్ రాజ్ దాన్ని గుండెకు ఆనించుకుని ఒక్క తీగ మీటాడు. రెండోది మీటేలోగా కుర్రాణ్ణి మళ్లీ స్టేజీ మీదికి పిలిచారు. నిమిషం కూడా లేదు. వెనక్కి తిప్పి చూడనైనా లేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో ఆ సంగతి, తిప్పి ఉంటే బాగుండునని.

ఆ రోజు నుంచి అతనికి ఒకటే కోరిక. పన్నెండింటిలో ఏదో ఒకటి దొరకాలి. ఒక్క క్రిస్మస్‌కు, ఒక్కటంటే ఒక్క క్రిస్మస్‌కు, అసలైన కర్ర మీద వాయించాలి. తొందరకు కారణం ఉంది. ఎడమ చేతి ఉంగరపు వేలు పొద్దున పూట వంగనంటోంది. ముప్ఫై ఏళ్లు ఉలి పట్టిన చెయ్యి, దాని లెక్క అది తీర్చుకుంటోంది.

నువ్వే వడ్రంగివి గద, చేసుకోరాదా అని అడిగినవాళ్లున్నారు. చేశాడు, రెండు సార్లు. డిపోలో మంచి టేకు ఏరి తెచ్చి కోసి, చెక్కి, తీగలు బిగిస్తే తడి గోనె సంచి మీద కొట్టినట్టు మోగింది. కొత్త టేకుకు ఇంకా చెట్టునన్న పొగరు పోదు. నరికి, కోసి, కప్పు కింద అరవై డెబ్భై వానాకాలాలు ఎండితే గానీ దానిలో నీళ్ల జ్ఞాపకం చావదు. అంత పాత కర్ర కావాలి.

వెతుకులాటలో తోడు నిలిచినవాడు జాన్సన్. ఇద్దరూ ఒకే ఈడు, ఒకే బడి, ఒకే ఆదివారం బాప్తిస్మం పొందినవాళ్లు. జాన్సన్‌కు పేటలో టెంట్ హౌస్ ఉంది, చర్చి కమిటీలో సెక్రటరీ పదవి ఉంది, పాటల గుంపుకు లీడరు కూడా అతనే. ఇంగ్లీషు గడగడా చదువుతాడు. పాల్ రాజ్‌కు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. అందుకని ఫోనులో ఏది వెతకాలన్నా, ఎవరికి రాయాలన్నా జాన్సనే.

"జర ఆ పుణె వాళ్ల పేజీ మల్ల సదువురా. కర్ర ఏడికెల్లి తెచ్చిన్రంట?"

"ఎన్నిసార్లు సదువాలె? కేరళల ఎవనిదో పాత ఇల్లు కూలగొడ్తే దూలాలు అచ్చినయంట. గంతే రాసిండ్రు."

"ఒకటన్న మిగిలిందా అని రాయి."

జాన్సన్ రాశాడు. వారానికి జవాబు కూడా వచ్చిందన్నాడు. అన్నీ అమ్ముడుపోయాయట, ఎవరు కొన్నారో చెప్పరట. పాల్ రాజ్ నమ్మాడు. నమ్మకుండా ఎట్లా, నలభై ఏళ్ల స్నేహితుడు.

బాల్కొండలో డీజే బాక్సులు కిరాయికిచ్చేవాడి దగ్గర ఒకటుందంటే బస్సెక్కి పోయాడు. మెడ విప్పి, లోపల గోటితో గీకి, వాసన చూసి "మామిడి" అన్నాడు. డీజే వాడు ఒప్పుకోలేదు. ధర్మాబాద్‌లో ఇంకొకటి చూశాడు, అది రబ్బరు చెక్క. నాందేడ్‌లో చూసిందానికి పైన టేకు రేకు, లోపల వేప. ఆల్డర్, యాష్, మహాగని అని ఎప్పుడూ కంటితో చూడని చెట్ల పేర్లు కూడా నేర్చుకున్నాడు. పాత టేకు మాత్రం ఎక్కడా కనబడలేదు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమని ఒక మాట ఉంది. అంత పాత టేకు ఆరేళ్ల కిందటి దాకా పేట చర్చిలోనే ఉండేది.

తొమ్మిది బల్లలు. చేసినవాడు పాల్ రాజ్ తండ్రి దేవయ్య. ఫ్యాక్టరీలో వడ్రంగి పని చేసేవాడు. అప్పట్లో పేట చర్చిలో అందరూ నేల మీదే కూర్చునేవారు. మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లు ప్రార్థనకు రావడం మానేస్తున్నారని ఆడవాళ్లంతా ఒక మాట అనుకున్నారు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం విడిగా ఒక డబ్బాలో వేయాలి, ఆదివారం తెచ్చి చర్చిలో పోయాలి. ఇంట్లో గంజి తాగిన రోజున కూడా ఆ పిడికెడు తప్పలేదు. పాల్ రాజ్ తల్లి యేసమ్మ ఇల్లిల్లూ తిరిగి గుర్తు చేసేది. నాలుగేళ్ల పిడికిళ్లు అమ్మగా వచ్చిన దానితో, కూలగొడుతున్న ఒక పాత బంగళా దూలాలు కొన్నారు. పొద్దంతా ఫ్యాక్టరీలో చేసి వచ్చి, సాయంత్రాలు కూలి తీసుకోకుండా దేవయ్య వాటిని బల్లలు చేశాడు.

దేవయ్య చేతికి ఒక అలవాటుండేది. ఇనుప మేకు కొట్టేవాడు కాదు. ఇనుము తుప్పు పట్టి కర్రను తింటుందని వెదురు మేకులు చెక్కుకునేవాడు. అవి కూడా జంటగా, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వాల్చి దిగ్గొట్టేవాడు. అట్లా ఎదురెదురు వాలిన మేకులు పలకను జన్మలో వదలవు. తోటి వడ్రంగులు ఇదేం చాదస్తమని నవ్వేవారు. పాల్ రాజ్ ఇప్పటికీ అట్లాగే కొడతాడు, అతణ్ణి చూసి కూడా నవ్వుతారు.

ఆరేళ్ల కింద పెంకుల చర్చి తీసి స్లాబు వేశారు. దేవయ్య అప్పటికే పోయాడు. సామాను తీసే వారం పాల్ రాజ్ నిజామాబాద్‌లో ఒక పెద్ద ఇంటి పని మీద ఉన్నాడు. వచ్చేసరికి జాన్సన్ ఎదురొచ్చి, బల్లలన్నీ లోపల చెద తినేసిందని, ముట్టుకుంటే రాలిపోతున్నాయని చెప్పాడు. కొత్త చర్చికి తన టెంట్ హౌస్ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు.

"చెద వట్టిన బల్లలు పారేసుడు ఎందుకురా. ప్రతిష్ఠ నాడు ప్రేమవిందుకు వంటచెరుకు చేద్దాం. అన్నం వండితే దేవునిదే అయితది. నువ్వే అంటువెట్టాలె. దేవయ్య కొడుకువు."

ఆ మాట పాల్ రాజ్‌కు సబబుగానే తోచింది. తండ్రి బల్లలకు అది మర్యాదైన చావు అనుకున్నాడు. పొయ్యిల దగ్గర కట్టెలు పేర్చి ఉన్నాయి. పైన రెండు బల్ల కోళ్లు, ఒక ఆనుడు పలక కనబడుతున్నాయి. పేట అంతా చూస్తుండగా అయ్యగారు ప్రార్థన చేశారు, పాల్ రాజ్ అగ్గిపుల్ల గీశాడు.

కాసేపటికి అతని ముక్కుకు తేడా తెలిసింది. పాత టేకు కాలితే నూనె, తోలు కలిసిన వాసన వస్తుంది. ఆ పొగ అట్లా లేదు. కళ్లు మండించే తుమ్మ పొగ. జిల్లాలో ఎవడు తెచ్చిన ఏ కర్రనైనా ముక్కుతో తేల్చే మనిషి ఆ రోజు మాత్రం, నాకే జలుబు చేసిందేమో అనుకున్నాడు. ముక్కు చెప్పింది, మనసు వినలేదు. ఆ పొయ్యిల మీద వండిన అన్నం, కోడి కూర రెండు వందల మంది తిన్నారు. యేసమ్మ ఒక్కతే పన్ను నొప్పి అని ముద్ద ముట్టలేదు.

నెల తిరక్కుండా జాన్సన్ అతనికి ఒక నల్లటి బేస్ స్పీకరు బాక్సు తెచ్చిచ్చాడు, నడుం ఎత్తుది. నా దోస్తుకు నా కానుక అన్నాడు. పాల్ రాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పై ఆదివారం సాక్ష్యం చెప్పే వేళకు లేచి, జన్మలో మొదటిసారి నలుగురి ముందు నోరు తెరిచి, దేవుడు నాకు సొంత అన్నదమ్ముణ్ణి ఇయ్యలేదు గని జాన్సన్‌ను ఇచ్చిండని చెప్పాడు. ఆడవాళ్లు హల్లెలూయ అన్నారు. జాన్సన్ తల వంచుకుని కూర్చున్నాడు. అది వినయం అనుకున్నారు అందరూ.

మొన్న నవంబరులో నిజామాబాద్ నుంచి నాగేందర్ ఫోను చేశాడు. ఖలీల్‌వాడిలో సంగీతం సామాన్ల దుకాణం అతనిది. మూడేళ్లుగా పాల్ రాజ్ పోరు పడుతున్నవాడు.

"పాలన్న, నువ్వు అడుగుతవు సూడు, పన్నెండింట్ల ఒకటని. వచ్చింది. మూడో నంబరు. అమ్మకానికి వెట్టి పోయిన్రు. జల్ది రా."

జాన్సన్‌ను తోడు రమ్మని అడిగాడు. పెళ్లిళ్ల సీజను, టెంట్లు వదిలి రాలేనన్నాడు. "అది గూడ డూప్లికేటే ఉంటది, ఎందుకు తిరుగుతవ్ రా" అని కూడా అన్నాడు. పాల్ రాజ్ ఒక్కడే బస్సెక్కాడు.

నాగేందర్ పెట్టె తెరిచాడు. ముదురు తేనె రంగు టేకు, గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా. పాల్ రాజ్ కణుపుతో కొట్టి చూసి నవ్వాడు. దుకాణంలోనే కూర్చుని ఒక కీర్తన మొత్తం వాయించాడు. వేలు కూడా ఆ పూట మాట విన్నది. నాగేందర్ కొత్త ఇల్లు కడుతున్నాడు. ఇంటికి దర్వాజలన్నీ చేసిస్తే, పెట్టిపోయినవాళ్లకు డబ్బు నేనే కడతా, గిటారు నీదే అన్నాడు. పాల్ రాజ్ సరే అని, ఈసారి పొరపాటు చేయకూడదని గిటారును వెనక్కి తిప్పాడు.

వీపు మీద చిన్న గుండ్రటి చుక్కలు కనబడ్డాయి. బటాణీ గింజంత, లేత పసుపు రంగు. రెండేసి, జంటగా. గిటారు చేసినవాళ్లు వాటిని పూడ్చకుండా అందానికని అట్లాగే నునుపు పట్టి వదిలేశారు. పాల్ రాజ్ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మెడ దగ్గరి నాలుగు స్క్రూలు విప్పాడు. లోపల కోతలో ఒక జంట నిలువునా తెగి కనబడింది. వెదురు. ఒకటి కుడికి వాలి ఉంది, ఒకటి ఎడమకు.

అతను ఆ కోతలో వేలు పెట్టి తడుముతూ ఉండిపోయాడు. నాగేందర్ కంగారు పడ్డాడు.

"ఏమైందన్న? డూప్లికేటా?"

"కాదు. దీంతోని కాయిదం ఏమన్న అచ్చిందా? జర సదువు. మొత్తం సదువు, ఏది ఇడిసిపెట్టకు."

నాగేందర్ అట్ట తీసి, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. "బాడీ, పాత టేకు. తెలంగాణల బోధన్ దగ్గర ఒక చిన్న పేట చర్చి బల్లలకెల్లి తీసింది. ఇనుప మేకు లేకుండ వెదురు మేకులతోని కట్టిన బల్లలంట. బల్లలు చేసిన వడ్లాయన పేరు తెలుస్తలేదు అని రాసిండ్రు."

"దేవయ్య" అన్నాడు పాల్ రాజ్.

నాగేందర్‌కు అర్థం కాలేదు. చెప్పే ఓపిక పాల్ రాజ్‌కు లేదు. గిటారు బిగించి, పెట్టెలో పెట్టుకుని బస్టాండుకు నడిచాడు. బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది. పేజీ చదవమన్నప్పుడల్లా జాన్సన్ కళ్లు ఏ వరుస దగ్గర ఆగి దూకేవో ఇప్పుడు లెక్క కడుతున్నాడు. అసలు ఉత్తరం రాశాడా? రాసి ఉండడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి అటుంచితే, మెథడిస్టు చర్చిలో ఆరేళ్లు వరుసగా ఆరాధన జరిగినా ఆ దొంగ బయటపడలేదు.

టెంట్ హౌస్ ముందు జాన్సన్ కుర్చీలు దొంతర్లు పెట్టిస్తున్నాడు. పాల్ రాజ్ చేతిలో పెట్టె చూడగానే పనివాళ్లను లోపలికి పంపేశాడు. అంటే అతనికి తెలిసిపోయింది. పాల్ రాజ్ గిటారు తీసి, బోర్లా తిప్పి, కుర్చీల దొంతర మీద పెట్టాడు.

"చెద ఏడుందిరా?"

జాన్సన్ ఆ చుక్కల వైపు చూడలేదు. "కూసో పాల్. చెప్త."

"నిలవడే ఉంట. చెప్పు."

"ధర్మాబాద్ ఆత్మారాం అని పాత కర్రలు కొంటడు, వాని కంట వడ్డయి. స్లాబుకు పైసలు తక్కువ వడ్డయి. అమ్ముతమంటే ముసలోళ్లు ఒప్పుకుంటరా? పిడికెడు బియ్యం, పిడికెడు బియ్యం అని కొట్లాటకు వస్తుండె. నేను ఒక్క పైస తినలే. స్లాబుల పెట్టిన, కీబోర్డు తెచ్చిన. నీ బాక్సు గూడ గందులదే. నీ కోసం గూడ చేసిన గద."

పాల్ రాజ్‌కు ఆరేళ్లు ఆ నల్ల పెట్టెలోంచి తను వాయించిన ప్రతి స్వరం, చెప్పిన సాక్ష్యం, ఆడవాళ్ల హల్లెలూయ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అమ్మినవ్, అమ్మినవ్. పొయ్యిల తుమ్మ కట్టెలు వెట్టి మీద మా బాపు బల్ల కోళ్లు పేర్చినవ్. సరే. నాతోని ఎందుకు కాలవెట్టిచ్చినవ్?"

జాన్సన్ దొంతర వైపు తిరిగాడు. ఒక కుర్చీని సర్దాడు. తర్వాత చిన్నగా అన్నాడు.

"దేవయ్య కొడుకే కాలవెడితే ఇంకెవ్వడు అడగడని."

నిజం చెప్పాడు. ఆరేళ్లలో ఆ ఒక్కసారే చెప్పినట్టున్నాడు. పాల్ రాజ్ అతణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. చర్చికి పోయి, నల్ల బాక్సును ఒక్కడే భుజం మీద మోసుకొచ్చి ఆ దొంతర పక్కన దించాడు. ఆదివారం నుంచి బేస్ ఉండదని చెప్పాడు. క్రిస్మస్ సంగతి జాన్సన్ ఏదో అడగబోయాడు, అతను ఆగలేదు.

ఇంటికి వచ్చేసరికి యేసమ్మ ఎసరు పెడుతోంది. ఎనభై దాటింది, చూపు ఆనదు. అయినా పిడికెడు బియ్యం తీసి చేయి తడుముకుంటూ విడి డబ్బాలో వేసింది. పాల్ రాజ్ ఆమె పక్కన కూలబడి గిటారును ఒళ్లో బోర్లా పెట్టాడు.

"ఏందిరా గిది?"

"సూడవ్వా. చెయ్యివెట్టి సూడు."

ఆమె అరచేయి పాలిష్ మీద అటూ ఇటూ తిరిగింది. అంచు దగ్గర ఒక జంట చుక్కల మీద ఆగింది. బొటనవేలితో ఒకదాన్ని, చూపుడు వేలితో ఒకదాన్ని తాకి, మళ్లీ ఇంకో జంట వెతుక్కుంది. అది దొరికాక చేయి తీయలేదు.

"మీ బాపు మేకులు."

"అవునవ్వా. బల్లలు కాలలే. జాన్సన్ అమ్ముకున్నడు. చెద గూడ పట్టలే. పొయ్యిల కాలింది తుమ్మ. నాకు తెల్వదవ్వా, నిజంగ తెల్వదు. తెలిస్తే అగ్గిపుల్ల గీస్తుంటినా?"

ఎసరు మరిగి మూత ఎగురుతోంది. ఎవరూ దించలేదు.

"చెద పట్టలేదని నాకెర్కనే బిడ్డా" అంది చివరికి. "తీసే ముందటి ఆదివారం గూడ తడిమి సూసిన, రాయి లెక్క ఉండె. మా ఆయన చేసిన బల్లలు నా కొడుకే, మంచియి అని తెలిసే, కాల్చిండనుకున్న. దోస్తు మాట కాదనలేక కాల్చిండనుకున్న. అడిగితే నీ మొకం సూడలేనని అడగలే."

ఆమె చేయి ఇంకా ఆ చుక్కల మీదే ఉంది.

"ఆ దినం నాకు పన్ను నొప్పి లేకుండె."